కర్నూల్లో పాత ఇల్లు కొనే ముందు ఇంజినీరుకు చూపించాం: నా అనుభవం

మే మూడో వారంలో ఇల్లు చూశాం. రిజిస్ట్రేషన్ సెప్టెంబరు మొదటి వారంలో అయింది. ఇన్నాళ్లు ఏం చేశారని చుట్టాలు ఇప్పటికీ అడుగుతున్నారు. ఇంజినీరుకు చూపించామంటే, "బ్యాంకోళ్లు చూస్తారు గదా, మళ్లీ ఈయనెందుకు?" అన్నది ప్రతి ఒక్కరి నోటా వచ్చే మాట. బ్యాంకు వాళ్లు ఏం చూస్తారో కూడా చెప్తాను, కానీ అది ఆఖర్లో వస్తుంది.

ఇల్లు హంద్రీ నదికి మరీ దూరం కాని ఒక పాత కాలనీలో ఉంది. మూడు సెంట్లు, తూర్పు ముఖం. కింద పోర్షన్ 2004లో, పైది 2012లో కట్టారు. కింద ఓనర్లు ఉంటారు, పైన అద్దెకిచ్చారు. అడిగింది 64 లక్షలు. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని, మా ఆయన ఉద్యోగం నంద్యాలలో. సగానికి పైగా లోను మీదే కొనాలి. ఇల్లు చూడగానే నచ్చింది. గాలి, వెలుతురు, బేతంచెర్ల బండల వరండా, వెనక కరివేపాకు చెట్టు, అన్నీ బాగున్నాయి.

అనుమానం రంగు దగ్గర వచ్చింది. లోపలికి అడుగు పెడితే కొత్త పెయింటు వాసన. ఇల్లు అమ్మేవాళ్లు రంగు వేయించడం మామూలే, దానికి తప్పు పట్టలేం. కానీ హాల్లో రెండు గోడలకు మాత్రం నడుము ఎత్తు దాకా పీవీసీ షీట్లు కొట్టించారు. మిగతా రెండు గోడలు మామూలుగానే ఉన్నాయి. ఎందుకని అడిగితే "అందానికి మేడం" అన్నారు ఓనరు గారు. అందానికైతే టీవీ ఉన్న గోడకు కొట్టిస్తారు. ఈ రెండూ వీధి వైపు గోడలు.

ఇంజినీరును పట్టుకోవడం మొదటి కష్టం. మన ఊర్లో ప్లాన్లు గీసేవాళ్లు వీధికొకరు ఉన్నారు. కట్టిన ఇంటిని కొనేవాళ్ల తరఫున చూసిపెట్టడం మాత్రం ఎవరికీ అలవాటున్న పని కాదు. ఒకాయన "ఏ బ్యాంకు మేడం?" అన్నారు, వాల్యుయేషన్ అనుకున్నారు. ఇంకొకాయన రెండు వేలిస్తే వచ్చి చూసి నోటిమాటగా చెప్తానన్నారు, రాసివ్వరట. ఇలా పది రోజులు పోయాక మా స్కూల్లో మేడం ఒకామె తన బంధువు నంబరిచ్చింది. ఇరిగేషన్‌లో డీఈగా (డిప్యూటీ ఇంజినీరుగా) రిటైరైన ఆయన. ఇల్లు చూసి, ఫొటోలతో రిపోర్టు రాసివ్వడానికి 7,000 అన్నారు. ల్యాబు పరీక్షలు అవసరమైతే వాటి ఖర్చు వేరే.

ఫోన్లోనే ఆయన మూడు ప్రశ్నలు వేశారు. నేల నల్లరేగడా, గరుసా? ఏ అంతస్తు ఏ సంవత్సరంలో కట్టారు? మంజూరైన ప్లాన్ కాపీ ఉందా? మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. "కరివేపాకు చెట్టు పాదులో మట్టి ఏ రంగు?" అన్నారు. నలుపు.

ఓనరుకు చెప్పడం అంతకంటే కష్టమైంది. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నాం, మా మీద నమ్మకం లేదా?" అన్నారు. బ్రోకరైతే నవ్వేశాడు. "ఇల్లు ఇట్ల నిలబడింది గదక్కా, ఇంజినీరొచ్చి ఏం జూస్తాడు? పెళ్లికూతురిని ఎక్స్‌రే తీసి చేసుకుంటారా ఎవురన్నా?" ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది గానీ పట్టు వదల్లేదు. ఒక కాగితం మీద రాసిచ్చాం: పరీక్షల ఖర్చంతా మాది, గోడకు ఎక్కడ దెబ్బ తగిలినా పూడ్పించి రంగు వేయించే పూచీ మాది, రిపోర్టు మీకూ ఒక కాపీ ఇస్తాం. ఆ మూడో షరతుకే ఆయన మెత్తబడ్డారని నా అంచనా. ఇంట్లో ఏముందో ఆయనకూ తెలుసుకోవాలని ఉండి ఉంటుంది.

టోకెన్ గొడవ ఇంకోటి. జూన్ ఆఖరుకు ఆషాఢం వస్తోంది, అప్పుడు ఏ పనీ చేయరు, అందుకని ఆ లోపే లక్ష కట్టి అగ్రిమెంటు చేసుకోమని బ్రోకరు రోజూ ఫోన్. మేం 10,000 మాత్రమే ఇచ్చాం. ఇంజినీరు రిపోర్టు చూశాక వద్దనుకుంటే వాపసు ఇవ్వాలని రసీదులోనే రాయించాం. బ్రోకరు ఇట్లాంటి రసీదు ఎప్పుడూ రాయలేదట. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి మరీ రాశాడు.

జూన్ మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి ఇంజినీరు సార్ వచ్చారు. చేతిసంచిలో టేపు, టార్చిలైటు, చిన్న సుత్తి, నీళ్ల గొట్టం, చెమ్మ కొలిచే చిన్న మీటరు, సుద్దముక్కలు. నేరుగా లోపలికి పోతారనుకుంటే, వీధిలోనే చాలాసేపు నిలబడ్డారు. రోడ్డు మట్టం, గేటు మట్టం, ఇంటి మట్టం నీళ్ల గొట్టంతో చూశారు. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది వేసుకుంటూ వచ్చారు కాబట్టి రోడ్డు పైకి లేచింది, ఇల్లు ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఇంటి అరుగు రోడ్డుకంటే అడుగు ఎత్తు కూడా లేదు.

తర్వాత ఎదురింటి అరుగు మీద కూర్చున్న అవ్వ దగ్గరికి పోయారు. "అవ్వా, 2009లో నీళ్లు యాడిదాంక వచ్చె?" అని అడిగారు. ఆమె లేచి వచ్చి, తన కాంపౌండు గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. నా భుజం ఎత్తుకు ఉంది. "ఈడిదాంక వచ్చినాయి నాయనా. గాంధీ జయంతి దినం. మేమంతా ఆ మిద్దె మీద ఉంటిమి." 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరు మునిగిన సంగతి మాకు తెలియనిది కాదు. మా అమ్మవాళ్లు అప్పుడు కల్లూరు వైపు ఉండి బయటపడ్డారు. కానీ ఈ వీధిలో, ఈ గోడకు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పాల్సింది ఆ అవ్వే. ఓనరు గారిని అడిగితే "ఇంత రాలేదులెండి" అని మోకాలు చూపించారు.

తర్వాత మిద్దె ఎక్కారు. పిట్టగోడ మూలన రెండు బకెట్ల నీళ్లు పోయించి ఎటు పోతాయో చూశారు. ఒకచోట నిలిచాయి, మిగతావి బాగానే పోయాయి. ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల పైన వదిలేసిన ఇనుప కమ్మీలు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. "వీటికి సిమెంటు టోపీ పెట్టించాలి. లేకపోతే తుప్పు ఇట్లే కిందికి దిగుతుంది" అన్నారు. చిన్న ఖర్చే.

పైన అద్దెకున్నవాళ్ల బాత్రూంలో ఎక్కువసేపే ఉన్నారు. బండల మీద సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే ఒకచోట డొల్ల చప్పుడు. కమోడు చుట్టూ తెల్ల సిమెంటు కొత్తగా పూసి ఉంది. సార్ కిందికి దిగి, ఈ బాత్రూం కింద ఏ గది వస్తుందో అడుగులు వేసి లెక్కపెట్టుకున్నారు. హాలు మూల వచ్చింది. అక్కడ ఫాల్స్ సీలింగ్ ఉంది, మధ్యలో గుండ్రటి లైట్లు.

ఓనరు గారిని అడిగి ఒక లైటు ఊడదీయించారు. ఆ రంధ్రం అరచేయంత ఉంటుంది. మా ఆయన ఫోను వీడియో ఆన్ చేసి, టార్చి వెలిగించి, చెయ్యి లోపలికి దూర్చి చుట్టూ తిప్పారు. కిందికి దించి చూస్తే మొదట ఏమీ అర్థం కాలేదు. వెనక్కి తిప్పి ఆపి చూశాం. స్లాబు అడుగున కాంక్రీటు పెచ్చు ఊడిపోయి, రెండు కమ్మీలు బయటికి కనిపిస్తున్నాయి. ఒకటి ఉబ్బి, పొర విడిచి, ఎర్రగా ఉంది. ఊడిన పెచ్చు ఫాల్స్ సీలింగ్ షీటు మీదే పడి ఉంది, దాని చుట్టూ టీ మరకలాంటి తడి మచ్చ. ఎవరూ మాట్లాడలేదు. ఓనరు గారి భార్య మాత్రం "మాకు తెలీదండీ, సీలింగ్ వేయించి నాలుగేళ్లైంది" అంది. ఆమె అబద్ధం చెప్పలేదనే అనుకుంటున్నా. ఆ సీలింగ్ వేసినవాడికి మాత్రం తెలిసే ఉంటుంది.

నన్ను అన్నిటికంటే భయపెట్టిన పగులు వంటింట్లో ఉంది. నేల నుంచి పైదాకా నిట్టనిలువుగా, వెంట్రుక కంటే కాస్త లావు. దాన్ని గురించి నేనే ముందు చెప్పాను. సార్ సుద్దతో పక్కన ఒక గీత గీసి వెళ్లిపోయారు. అది పిల్లరు, ఇటుక గోడ కలిసే చోటట. రెండూ ఒకే రకంగా ఎండకు పెరగవు, తగ్గవు కాబట్టి అక్కడ గీత రావడం మామూలేనట. చీల్చి, జాలీ కొట్టి, పూస్తే చాలన్నారు. నేను కన్నెత్తి చూడనిది వీధి వైపు చిన్న గదిలో ఉంది. కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయిన పగులు. రంగు కింద దాదాపు కనిపించదు, టార్చిని గోడకు ఆనించి పక్కవాటంగా వేస్తే తేలింది. దీనికి మాత్రం టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీసి, బయటికి పోయి అదే గోడను అవతల వైపు నుంచి చూశారు.

పీవీసీ షీట్లు విప్పమంటే ఓనరు గారు ససేమిరా అన్నారు. సార్ వాదించలేదు. ఆ గోడకే ఉన్న స్విచ్‌బోర్డు స్క్రూలు విప్పి ముందుకు లాగారు. లోపల గోడ నల్లగా ఉంది. వేలు పెడితే తడి అంటింది. చెమ్మ మీటరు అక్కడ పెడితే కూయడం ఆపలేదు. ఎండలు మండే జూన్ మొదట్లో, వాన చుక్క లేని వారంలో ఆ గోడ తడిగా ఉందంటే నీళ్లు ఎక్కడి నుంచో రోజూ అందుతున్నాయని అర్థం. గేటు లోపల, ఆ చిన్న గది పక్కనే, బండల కింద సంపు ఉంది.

సంపు పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. శనివారం రాత్రి సంపు నింపి, మోటరు బంద్ చేసి, కుళాయి వాల్వు తిప్పేసి, నీళ్లు ఎంత దాకా ఉన్నాయో గోడకు మేకుతో గీత గీశాం. పొద్దున మూత తీసి చూస్తే నాలుగు వేళ్లు దిగింది. ఓనరు గారు కూడా వంగి చూశారు. ఆ రోజు నుంచి ఆయన గొంతు మారింది.

కరెంటు సంగతి మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ చూశాడు, 800 తీసుకున్నాడు. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన వంద వాట్ల బల్బు ఒకటి తెచ్చాడు. ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ పెడితే వెలగలేదు. ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ మూడో రంధ్రం ఉంది, ఒక్కదానికీ ఎర్త్ లేదు. మీటరు బోర్డు దగ్గర పచ్చ వైరు చుట్టచుట్టి వదిలేశారు. గీజరు, వాషింగ్ మెషిన్ ఇన్నేళ్లుగా అట్లే వాడుతున్నారు.

ల్యాబు పరీక్షలకు ఇంకో వారం ఆగాల్సి వచ్చింది, 6,500 అయింది. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ ప్లాస్టరింగ్ మీద పనిచేయదు. పిల్లరు మీద పూత జానెడు మేర చెక్కి, అసలు కాంక్రీటు బయటపెట్టి, రాయితో నున్నగా రుద్ది, అప్పుడు కొట్టాలి. కొత్త రంగు వేసిన గోడల్ని కుర్రాళ్లు ఉలితో చెక్కుతుంటే ఆ ఇంటి ఇల్లాలు చూడలేక పక్కింటికి వెళ్లిపోయింది. మేం రాసిచ్చిన కాగితం విలువ అప్పుడు తెలిసింది.

హ్యామర్ అంకెలు బాగానే వచ్చాయి. సార్ మాత్రం ఉప్పొంగిపోలేదు. ఆ అంకె ఎంత బాగా తీసినా పాతిక శాతం అటో ఇటో ఉండొచ్చని ఐఎస్ కోడే (మన దేశ ప్రమాణాల పుస్తకమే) చెప్తుందట. పైగా పాత కాంక్రీటు పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి అసలుకంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందట. ఆయన ఎక్కువ నమ్మింది రంగు పరీక్షను. కాంక్రీటును కొంచెం తాజాగా పగలగొట్టి, ఫినాఫ్తలీన్ ద్రావణం చిలకరిస్తారు. మా స్కూలు ల్యాబులో పిల్లలకు నేను చూపించేదే! కింద పిల్లర్ల దగ్గర పైన సన్నటి పొర వదిలి, లోపలంతా ఒక్కసారిగా ముదురు గులాబీ రంగు తిరిగింది. క్షారగుణం ఇంకా ఉంది, కమ్మీకి రక్ష ఉంది అని అర్థం. బాత్రూం కింద స్లాబు దగ్గర చల్లితే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. కమ్మీ దాకా ఎక్కడా రంగు రాలేదు. అంకెలకంటే ఆ రెండు చోట్ల తేడా మా ఆయనకు బాగా ఎక్కింది.

ఆ లోపే ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి సార్ సలహాతో, ఆ ఏటవాలు పగులు పక్కన పునాది ఎంత లోతుందో చూడనీకి గుంత తవ్వించాం. ఇద్దరు కూలీలు, 1,600. మూడడుగులు తవ్వేసరికి ఆ చిన్న గది పునాది అయిపోయింది, దాని కింద ఇంకా నల్లమట్టే. పక్కకు జరిగి అసలు ఇంటి గోడ వైపు తవ్వితే పునాది ఐదడుగుల దాకా దిగి గరుసు మీద కూర్చుంది. అంటే కదులుతున్నది ఇల్లు కాదు, ఇంటికి తర్వాత అతికించిన గది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పక్కన కారే సంపు ఉంటే ఆ మట్టికి ఏడాది పొడుగునా ఉబ్బులే. ఓనరు గారిని అడిగితే, ఆ గది 2007లో పిల్లాడి చదువు కోసం వేయించామన్నారు. ప్లాన్‌లో అది లేదు.

జూన్ మూడో వారంలో రిపోర్టు వచ్చింది, ఫొటోలతో కలిపి ఇరవై పేజీలకు పైనే. నేను ఆశగా ఆఖరి పేజీ తిప్పాను. కొనండి అనో వద్దు అనో ఉంటుందనుకున్నా. లేదు. ఫోన్ చేస్తే, "అది రాయడం నా పని కాదమ్మా. ఇంట్లో ఏముందో రాశాను, బాగుచేయడానికి ఎంతవుతుందో రాశాను, నేను చూడలేకపోయినవి ఏవో రాశాను" అన్నారు. ఆ మూడోదే నాకు నిద్ర పట్టనివ్వలేదు. గోడల్లోపలి పైపులు, షీట్ల వెనక గోడ, పార్కింగు బండల కింది సెప్టిక్ ట్యాంకు, మిగతా మూడు మూలల పునాది, ఇవన్నీ "పరిశీలించలేదు" అన్న శీర్షిక కింద ఉన్నాయి. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య యాభై అడుగులైనా ఉండాలంటారు. మూడు సెంట్లలో ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? బోరు నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు.

అంచనాలు ఇవీ: బాత్రూం, దాని కింద స్లాబు 2 లక్షల దాకా, సంపు 60,000, ఎర్తింగు, వైరింగు మార్పులు 45,000, తడి గోడల పూత తీసి మళ్లీ పూయడం 70,000. చిన్న గదికి మాత్రం ఖర్చు రాయలేదు. ముందు సంపు కారకుండా ఆపి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పగులును గమనించి అప్పుడు తేల్చాలన్నారు. ఈ లోపు దాని మీద బరువు పెట్టొద్దు, పైన గది వేయొద్దు.

మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా అమ్మ "వరద ఇల్లు, తడి ఇల్లు, మనకెందుకు, వదిలేయ్" అంది. మా ఆయన లెక్కల మనిషి. ఇదే వీధిలో ఇంకో ఇల్లు చూస్తే దానికీ 2009 నీళ్లు వచ్చే ఉంటాయి, దానికీ సంపు ఉంటుంది, తేడా అంతా మనకు తెలియకపోవడమే అన్నారు. వారం రోజులు రాత్రి పూట ఇదే మాట. అసలు పిల్లర్లు, పునాది గట్టిగా ఉండి, చెడినవి బాగుచేయగలిగేవి అయితే ధర మీద మాట్లాడొచ్చన్న చోటికి చివరికి ఇద్దరం వచ్చాం. అసలు ఇంటి పునాది కూడా నల్లమట్టిలోనే ఆగి ఉంటే ఆ రోజే 10,000 వెనక్కి అడిగేవాళ్లం.

రిపోర్టు కాపీ ఇచ్చిన మర్నాడే ఓనరు గారు తనకు తెలిసిన బేల్దారిని (తాపీ మేస్త్రీని) పిలిపించుకున్నారు. ఆయన అటూ ఇటూ చూసి "ఇదంతా మామూలే, నాలుగు బస్తాల సిమెంటు, రెండు దినాల పని" అన్నాడట. దాన్ని పట్టుకుని "నేనే అన్నీ చేయించి ఇస్తా, ధర తగ్గించను" అన్నారు. మేం ఒప్పుకోలేదు. అమ్మేవాళ్లు చేయించే రిపేరు అంటే మళ్లీ ఒక పూత, మళ్లీ ఒక రంగు, మళ్లీ కొత్త షీటు. పని మేం చేయించుకుంటాం, ధరలో తగ్గించండి అన్నాం. 57 అన్నాం, ఆయన 63 అన్నారు. అక్కడ ఆగిపోయింది. ఆషాఢం వచ్చేసింది. హైదరాబాదు పార్టీ ఒకటి రెడీగా ఉందని బ్రోకరు చెప్పాడు. ఆ పార్టీని ఎవరూ చూడలేదు.

ఆ నెల రోజులు నాకు మనసు నిలవలేదు. ఇంకా ఇళ్లు చూశాం, ఏ ఇంటికి పోయినా నా చూపు నేరుగా కిటికీ మూలలకూ స్విచ్‌బోర్డుల కిందికీ పోయేది. శ్రావణం వచ్చిన మొదటి వారంలో ఓనరు గారే ఫోన్ చేశారు. బ్రోకరును పక్కన పెట్టి, మా ఇంటికొచ్చి కూర్చుని మాట్లాడారు. 59 లక్షల దగ్గర కుదిరింది. అగ్రిమెంటులో రెండు షరతులు రాయించాం: పై పోర్షన్ ఖాళీ చేయించి ఇవ్వాలి, పై అంతస్తుకు 2015 బీపీఎస్‌లో (అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకంలో) డబ్బు కట్టిన రసీదు కాకుండా క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాపీ ఇవ్వాలి. ఆ కాపీ ఇంట్లోనే పాత ఇన్సూరెన్సు కాగితాల మధ్య దొరికింది. అది లేకపోతే బ్యాంకు పై అంతస్తును లెక్కలోకే తీసుకునేది కాదు.

ఇక బ్యాంకు వాల్యుయరు. ఆగస్టు రెండో వారంలో వచ్చాడు, మర్యాదగల కుర్రాడు. గేటు ముందు నిలబడి డోరు నంబరు కనిపించేలా ఫొటో, నాలుగు వైపుల హద్దులు, లోపల గదికొక ఫొటో, టేపుతో పొడవు వెడల్పు. ప్లాన్‌తో సరిపోల్చుకుని, ప్లాన్‌లో లేని ఆ చిన్న గదిని లెక్కలోంచి తీసేశాడు. టీ తాగేలోపు పని అయిపోయింది. స్లాబు గురించి నేను చెప్పబోతే, "అది మా ఫార్మాట్‌లో ఉండదు మేడం" అన్నాడు. తప్పు పట్టను. రేపు మేం లోను కట్టకపోతే ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో చూడటం అతని పని. బాత్రూం కారుతుందా లేదా అన్నది కాదు. లీగల్ వాళ్లు 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) అడిగారు, అవి బాగానే ఉన్నాయి. లోను మంజూరవడానికి మూడు వారాలు పట్టింది. రిజిస్ట్రేషన్ మహాలయ పక్షాలు రాకముందే చేయించాం. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. ఇళ్ల బేరంలో పడి దీన్ని మర్చిపోయేవాళ్లను చూశాను, 59 లక్షల మీద అది 4 లక్షల 42 వేలకు పైనే.

తాళాలు చేతికొచ్చాక మొదట పీవీసీ షీట్లు విప్పించాం. వెనక గోడంతా నల్లటి బూజు, పూత వేలితో గీరితే ఉప్పులా రాలింది. సార్ మళ్లీ వచ్చి చూశారు, ఈసారి 1,000 తీసుకున్నారు. నాలుగడుగుల ఎత్తు దాకా పూత మొత్తం తీసేయించి, ఇటుకలు బయటపెట్టి అట్లే వదిలేయమన్నారు. తొందరపడి మళ్లీ పూస్తే లోపలి తడి, ఉప్పు కొత్త పూతను కూడా తోసేస్తాయట. సంపును మూసేసి, బదులు ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాం. అంచనా వేసిన 60,000లో సగం కూడా కాలేదు.

బాత్రూం దగ్గర మాత్రం లెక్క తప్పింది. బండలు పగలగొట్టాక అడుగున నింపిన ఇటుక ముక్కలన్నీ బురదలా ఉన్నాయి, ఇంకో రెండు కమ్మీలు సగం తినేసి ఉన్నాయి. కొత్త కమ్మీలు కట్టి, రసాయనాలు కలిపిన సిమెంటుతో నింపి, నీళ్లు నిలబెట్టి చూసి, మళ్లీ బండలు వేసేసరికి 2,60,000 దగ్గరికి పోయింది. నీళ్లు నిలబెట్టే పరీక్ష ఒక్కటే మూడు రోజులు. బేల్దారి ఒక్క రోజు చాలన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఎర్తింగుకు వెనక కరివేపాకు చెట్టు పక్కన గుంత తీసి, బొగ్గు, ఉప్పు వేసి రాడ్డు దించారు. భాయ్ అదే బల్బు తెచ్చి ప్రతి ప్లగ్గులో వెలిగించి చూపించాకే డబ్బులిచ్చాం.

చిన్న గదిలో పగులుకు అడ్డంగా గాజు పట్టీ అతికించి, పక్కన తేదీ రాశాం. గోడ కదిలితే గాజు పగులుతుందట. ఆ గదిలో ప్రస్తుతానికి చెప్పులు, సైకిలు తప్ప ఏమీ లేవు. హాల్లో ఇటుకలు ఇంకా ఆరుతున్నాయి, సార్ చెమ్మ మీటరు పెట్టి చూసి సరే అన్నాకే పూత, రంగు. శ్రావణం ముహూర్తం ఎట్లాగూ పోయింది, గృహప్రవేశం కార్తీకంలో పెట్టుకున్నాం. అప్పటిదాకా అద్దె ఇంటికి అద్దె, కొన్న ఇంటికి ఈఎంఐ రెండూ కడుతున్నాం.